కాలువ మీద వంతెన – రివిట్టు చెప్పే మాట

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



గుడివాడ నుంచి బందరు పోయే బండి కాలువ దాటేటప్పుడు చప్పుడు మారుతుంది. సర్వీసంతా వంతెనల పనిలోనే గడిపినవాణ్ణి కనుక ఆ చప్పుడు గురించే నాలుగు మాటలు చెబుతాను.

మన సీమలో కాలువ ముందు, రైలు తరువాత. బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయింది. ఆ కాలువలు పొలాలకు నీళ్ళిచ్చాయి, పడవలకు దారీ ఇచ్చాయి. బందరుకు మీటరు గేజీ బండి వచ్చింది 1908లో. గుడివాడ–భీమవరం లైను 1928లో. దివిసీమకు నేటికీ రైలు లేదు. అయితే పులిగడ్డ అక్విడక్టు దగ్గర కాలువే వంతెనెక్కి కృష్ణ పాయను దాటుతుంది!

పల్లపు నేలలో కాలువ దాటడం తేలిక కాదు. ఆర్చి కడితే పడవకు నడిమధ్యనే ఎత్తు దొరుకుతుంది. కట్ట పెంచుదామంటే మట్టి ఖర్చు, మెత్తని నేల. అందుకని ఇలాంటి చోట్ల గర్డర్లు మేలు. రెండు గర్డర్ల నడుమ పట్టాలు దించితే కట్ట పెంచకుండానే కింద పడవకు ఎత్తు మిగులుతుంది.

రివిట్లు కనబడగానే చాలామంది 'చేత ఇనుము వంతెన' అంటారు. 1856లో మద్రాసు రైల్వే మొదటి బండి నడిచిన రోజుల్లో గర్డర్లకు చేత ఇనుమే వాడుక. అందులో చిట్టెం సన్నని పీచులా పొరలు పొరలుగా ఉంటుంది. పీచు వెంట లాగితే గట్టి, అడ్డంగా లాగితే పొర విడుతుంది. వెల్డింగు దానికి సరిపడదు. ఈఫెల్ టవరు (1889) చేత ఇనుమే. మరుసటి ఏటి ఫోర్త్ వంతెన ఉక్కు. 1908 నాటికి కొత్త గర్డర్లకు ఉక్కే వాడుక. వెల్డింగు వచ్చేదాకా ఉక్కుకీ రివిట్లే కొట్టారు. కనుక రివిట్టును చూసి లోహం చెప్పలేము.

కానీ రివిట్టు తన ఆరోగ్యం తానే చెబుతుంది. తలకు ఒక పక్క వేలు ఆనించి, రెండో పక్క చిన్న సుత్తితో తట్టాలి. వేలికి అదురు తెలిస్తే వదులైనట్టు. తెల్లరంగుతో గుర్తు పెట్టాలి. ఉప్పుగాలి తగిలేచోట ఈ పని మరీ ముఖ్యం.

కొత్తలో ఒక మిట్టమధ్యాహ్నం ఎండకు తాళలేక, ఒక వరస రివిట్లను కంటితోనే చూసి 'బాగున్నాయి' అని రాసేశాను. సాయంత్రం మా మేస్త్రి గారు నా వేలు పట్టుకుని అదే వరసలో ఒకదానికి ఆనించి తట్టారు. అదిరింది. "బాబూ, బండిలో పోయేవాళ్ళు మన పుస్తకం చదవరు" అన్నారు. అంతే. మళ్ళీ ఎన్నడూ తట్టకుండా రాయలేదు.

ఇప్పుడు ఈ దారిలో కరెంటు ఇంజన్లు నడుస్తున్నాయి. పాత గర్డర్లు ఒక్కొక్కటే తుక్కులోకి పోతాయి, పోనివ్వండి, వయసైపోయింది. మన ఇళ్ళలో ఉన్న పాత నోటుపుస్తకాలు, ఫోటోలు మాత్రం పోనివ్వకండి. మనవలకు చూపించండి. వీలైతే ఒకసారి వాళ్ళ వేలు పట్టుకుని, తట్టి చూపించండి.