ఈ రోజు ఎగరం



కొన్నేళ్లు రెండు హెలికాప్టర్లతో చిన్న చార్టర్ కంపెనీ నడిపాను. ఎన్నికలప్పుడు నాయకులు, యాత్రాకాలంలో కేదార్‌నాథ్ భక్తులు మా ప్రయాణికులు. కేదార్‌నాథ్ ఎత్తు 3,500 మీటర్ల పైమాటే. అక్కడ గాలి పలచన. రోటర్ రెక్కలకు పట్టు తక్కువ, ఇంజనుకు బలం తక్కువ. అందుకే మనిషినీ, సంచినీ కాటా మీద తూచాకే ఎక్కించేవాళ్లం.

ఒక మధ్యాహ్నం లోయలోకి మబ్బు దిగింది. అక్కడ పైలట్‌కు కళ్లే ఆధారం. మన తెలుగు పెద్దాయన ఒకరు నా చేతులు పట్టుకున్నారు. "బాబూ, ఎంతైనా ఇస్తాను, ఒక్క ట్రిప్పు వేయించండి. మా ఆవిడ మళ్లీ రాలేదు" అన్నారు. పైలట్ నా వంక చూశాడు. బ్యాంకు కిస్తీకి మూడు రోజులే గడువు.

"ఈ రోజు ఎగరం" అన్నాను. ఆయన తిట్టి వెళ్లిపోయారు.

మర్నాడు ఆకాశం తేటపడింది. మొదటి ట్రిప్పులో ఆ దంపతులనే పంపాం. తిరిగొచ్చాక ఆవిడ ప్రసాదం పెట్టారు. ఆయన మాత్రం మాట్లాడలేదు.

చివరికి కిస్తీలు కట్టలేక కంపెనీ మూసేశాను. కానీ మా హెలికాప్టర్ ఎక్కిన ప్రతి ఒక్కరూ క్షేమంగా ఇల్లు చేరారు. లెక్క తేలకపోతే "రాలేదని రాయి, కాపీ కొట్టకు" అనేవారు మన లెక్కల మాస్టారు. కాదనే ధైర్యం నాకు ఈ బడిలోనే అబ్బింది.