పసుపు బనియన్లు, తాటిచెట్టు గుర్తు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ప్రసంగాలు చేసే మనిషిని కాదు. ముప్పై ఏళ్లుగా బ్యానర్ల మీద, బనియన్ల మీద అచ్చు వేసి బతుకుతున్నవాణ్ని. నన్ను పిలిచింది కూడా అందుకే. స్వర్ణోత్సవం సందర్భంగా మన స్కూలు కబడ్డీ జట్టుకు కొత్త రంగు, కొత్త లోగో పెట్టాలని కమిటీ అనుకుంటున్నది. ముదురు నీలం బట్ట, దాని మీద డాలు, డాలులో సింహం. నమూనా బాగుంది, అబద్ధం చెప్పను. అచ్చు వేసేది నేనే కాబట్టి రంగు మారితే నాకు నష్టం లేదు, పాత బ్యానర్లు కూడా మార్చాలి గనుక లాభమే. అయినా మెషిన్ ఎక్కించే ముందు నాలుగు మాటలు చెప్పనివ్వండని అడిగాను.

మొన్న హుజూరాబాద్ బస్టాండులో ఒక పిల్లగాడు టోపీ పెట్టుకొని నిలబడ్డాడు. టోపీ మీద ఎన్, వై అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి. "ఏందిరా ఇది?" అంటే "ఏమో అంకుల్, స్టైల్" అన్నాడు. అది న్యూయార్క్ యాంకీస్ అనే బేస్‌బాల్ జట్టు గుర్తు. మన బజారులో ఆ ఆట ఆడేవాడు ఒక్కడు లేడు గానీ, టోపీలు మాత్రం తోపుడు బండ్ల మీద కుప్పలు. ఆ గుర్తు మొదట ఆటకు సంబంధించినదే కాదు. 1877లో డ్యూటీలో తూటా తగిలి గాయపడిన న్యూయార్క్ పోలీసు ఒకాయనకు ఇచ్చిన పతకం కోసం టిఫనీ అనే నగల దుకాణం గీసింది. 1909లో జట్టు దాన్ని తన బట్టల మీదికి తెచ్చుకుంది. ఎవరి పతకమో, ఎవరి తలల మీదికి ఎక్కిందో చూడండి.

అదే ఆటలో సిన్సినాటి జట్టు 1869లో మోకాళ్ల దాకా ఎర్ర మేజోళ్లు వేసుకొని దిగింది. జీతాలు ఇస్తున్నామని బాహాటంగా చెప్పుకున్న మొదటి బేస్‌బాల్ జట్టు అదే. ఆ ఊరి జట్టును ఇవాళ్టికీ 'రెడ్స్' అనే పిలుస్తారు. అంటే మేజోళ్ల రంగే ఇంటిపేరయింది. అంత దూరం ఎందుకు, కలకత్తాకు పోదాం. 1920లో ఈస్ట్ బెంగాల్ క్లబ్బు పెట్టినవాళ్లు జట్టుకు ఏ రంగు పెట్టాలా అని తిరుగుతుంటే, ఒక ఇంగ్లీషు దుకాణంలో వేలాడుతున్న ఎరుపు, బంగారు రంగుల చొక్కా కంటబడిందట. ఆ క్లబ్బు వాళ్లు చెప్పుకునే కథ అది. దుకాణంలో ఆ రోజు ఆకుపచ్చది వేలాడి ఉంటే ఏమయ్యేదో!

నవ్వకండి, మన కథ కూడా దుకాణం కథే.

1984. నేను పదో తరగతి. జోనల్ ఆటల పోటీలకు పోవాలి, జట్టుకు బట్టలు లేవు. పీఈటీ సారు "ఎవరింట్ల బనియన్ వాళ్లు తెచ్చుకోండ్రి, రంగేద్దాం" అన్నారు. ఎరుపు వేద్దామనుకున్నాం. దుకాణానికి పోతే సేటు, "ఎరుపు రెండు పొట్లాలే ఉన్నయి బిడ్డా, పసుపు ఎన్నన్న ఉన్నయి" అన్నాడు. పన్నెండు బనియన్లకు రెండు పొట్లాలు ఏ మూలకు? పసుపు తెచ్చాం. స్కూలు వెనక మూడు రాళ్లు పెట్టి, గంగాళంలో నీళ్లు మరగబెట్టి, రంగు నిలబడాలని ఉప్పు వేసి, కట్టెతో కలియబెట్టాం. ఉప్పు తక్కువైందో, ఓపిక తక్కువైందో గానీ రంగు సరిగ్గా పట్టలేదు.

గుర్తు డ్రాయింగ్ సారు గీశారు. గ్రౌండు అంచున తాటిచెట్టు ఉండేది కదా, అదే. దవాఖాన నుంచి పాత ఎక్స్‌రే ఫిల్ము తెచ్చి, బ్లేడుతో చెట్టు ఆకారం కోసి, ఎదమీద పెట్టి నల్ల పెయింటు అద్దాం. నా జీవితంలో నేను వేసిన మొదటి అచ్చు అది. మట్టలు సరిగా తెగక చీపురుకట్ట లాగా వచ్చింది. ఇప్పటికీ మన లోగోలో చెట్టు చీపురు లాగానే ఉంటుంది. దానికి బాధ్యుణ్ని నేనే, క్షమించాలి.

పోటీల్లో రెండో కూతకే చెమట పట్టింది, రంగు కారింది. మెడలు, చేతులు, నడుములు అన్నీ పసుపే. అవతలి జట్టు పిల్లలు ఒకటే అరుపు: "పెండ్లికొడుకులు వచ్చిన్రురో, నలుగు పెట్టుకొని వచ్చిన్రు!" ఆ నవ్వులకే సగం ఓడిపోయాం. మిగతా సగం సెమీఫైనల్లో పోయింది. ఇంటికి వచ్చి ఆ బనియన్ విసిరికొట్టాను. అది సైకిలు తుడిచే గుడ్డయింది.

మరుసటి ఏడు మా తర్వాతి జట్టు అదే పసుపుతో పోయింది. ఈసారి రంగు బాగా పట్టించుకున్నారు. నేను ఇంటర్లో ఉన్నాను, చూడటానికి పోయి గీత అవతల నిలబడ్డాను. వీళ్లు ఫైనల్ గెలిచారు. గెలిచిన పిల్లలను భుజాల మీదికి ఎత్తుకొని మనవాళ్లే అరిచారు, "పెండ్లికొడుకులు! పెండ్లికొడుకులు!" అని. వెక్కిరింత ఏడాదిలో బిరుదయింది. ఆ రోజు నా సైకిలు గుడ్డ గుర్తొచ్చి ఎంత బాధ పడ్డానో చెప్పలేను. మా కెప్టెన్ బనియన్ మాత్రం వాళ్లమ్మ దాచింది. రంగు వెలిసి గంధం రంగుకు వచ్చింది, బయట బల్ల మీద పెట్టాం, చూడండి.

ఇంక హైదరాబాద్ సంగతి. ఇది మీ అందరి కళ్ల ముందు జరిగిందే. 2008లో ఐపీఎల్ మొదలైనప్పుడు మన జట్టు డెక్కన్ చార్జర్స్. గుర్తు దూసుకొచ్చే ఎద్దు. బట్టలు లేత గోధుమరంగు, నలుపు. మన లక్ష్మణ్ కెప్టెన్, గిల్‌క్రిస్ట్, సైమండ్స్, గిబ్స్, అఫ్రిది అందరూ ఉన్నారు. 14 మ్యాచుల్లో 2 గెలిచి అట్టడుగున నిలిచారు. తర్వాతి ఏడు బట్టలు నీలం, వెండి రంగులకు మార్చారు. ఎద్దు ఉంది, దాని ఒంటి రంగు మారింది. ఎన్నికల వల్ల ఆ ఏడు ఆట దక్షిణాఫ్రికాలో. 2009 మే 24న జొహానెస్‌బర్గ్ ఫైనల్లో గిల్‌క్రిస్ట్ సున్నాకే అవుటయ్యాడు, 143 పరుగులే చేశారు, అయినా బెంగళూరు మీద 6 పరుగుల తేడాతో కప్పు కొట్టారు. రంగు మార్చినందుకే రాత మారిందని మా షాపు ముందు వాదించినవాళ్లున్నారు. ఆర్పీ సింగ్ తీసిన 23 వికెట్లు ఎవరి ఖాతాలో వేయాలి మరి?

ఆ రెండు మూడేళ్లు ఊళ్లల్లో టెన్నిస్ బాల్ టోర్నమెంటు జట్లన్నీ నా దగ్గర ఎద్దు బొమ్మే అడిగాయి. 2012లో ఆ జట్టు ఒప్పందాన్ని బోర్డు రద్దు చేసింది. కొత్త యజమానులు వచ్చారు, డిసెంబరులో సన్‌రైజర్స్ అని పేరు పెట్టారు. ఎద్దు పోయి గద్ద వచ్చింది, నీలం పోయి నారింజ వచ్చింది. నేను ఎద్దు ఫ్రేములు కడిగేసి గద్ద ఎక్కించాను. ఎవరూ ఏడవలేదు, నేనూ ఏడవలేదు. 2016లో వార్నర్ జట్టు మళ్లీ అదే బెంగళూరును, ఈసారి వాళ్ల ఊళ్లోనే, 8 పరుగులతో ఓడించింది. హైదరాబాద్‌కు రెండు కప్పులు వచ్చినట్టు మనం లెక్క పెట్టుకుంటాం. రికార్డు పుస్తకంలో సన్‌రైజర్స్ పేరున ఉన్నది ఒక్కటే. 2009 కప్పు లేని జట్టు ఖాతాలో ఉంది. ఉప్పల్‌లో నారింజ జెండాలు ఊపే పిల్లల్లో ఎంతమందికి ఎద్దు తెలుసు? నాకు ఆ మాట గుచ్చుకుంటుంది.

అయితే మార్పే తప్పని నేను అనను. అమెరికాలో క్లీవ్‌లాండ్ జట్టు పేరు ఇండియన్స్ అని ఉండేది. అక్కడి ఆదివాసుల ముఖాన్ని వెక్కిరింపుగా గీసిన బొమ్మ గుర్తు. వాళ్లు ఏళ్ల తరబడి అభ్యంతరం చెబితే 2018 సీజన్ తర్వాత ఆ బొమ్మను బట్టల మీది నుంచి తీసేశారు, 2022 నుంచి పేరు కూడా గార్డియన్స్ అయింది. తీయవలసిందే, తీశారు. ఎరుపు, ముదురు నీలం మాత్రం ఉంచుకున్నారు.

మన పసుపు ఎవరినీ నొప్పించలేదు. అయితే ఇక్కడ నాకు జవాబు దొరకని సంగతి ఒకటుంది. పదిహేనేళ్లుగా జట్టు పసుపు వేసుకోలేదు. ఎవరో దాత ఇచ్చిన నీలం టీషర్టులతో ఆడుతున్నది. 2015 బ్యాచ్ తమ్ముడు నాతో, "అన్నా, మీకు పసుపు ఎట్లనో మాకు నీలం అట్ల" అన్నాడు. నేను నోరు మూసుకున్నాను. నిజమే కదా. వాళ్లు చెమటోడ్చింది నీలంలోనే.

కాకతీయ తోరణం పెడదామని ఇంకొకరు అన్నారు, వరంగల్ దగ్గరే కదా అని. అది ఏలె లక్ష్మణ్ గారు గీసిన రాష్ట్ర చిహ్నంలోనే ఉంది, మళ్లీ మనకెందుకని ఆపాను. ఇక సింహం అంటారా, ఈ జిల్లాలో సింహం లోగో అచ్చు వేయించుకున్న స్కూళ్లు నా రిజిస్టర్లోనే పదకొండు ఉన్నాయి.

ఒక్క విన్నపం. ఇవాళ జట్టు అంటే ఆడపిల్లల జట్టే. పోయిన నెల ఆడి వచ్చింది వాళ్లే, రేపు ఆడబోయేదీ వాళ్లే. వాళ్లను ఎవరైనా అడిగారా? కమిటీ మీటింగులకు నేనూ వచ్చాను, నేనూ అడగలేదు. అందుకే రెండు నమూనాలు కుట్టించి తెచ్చాను. ఒకటి నీలం, సింహంతో. ఇంకొకటి పసుపు, తాటిచెట్టుతో. ఈసారి మట్టలు సరిగ్గా కోశాను, చీపురు లాగా లేదు. ఈ పసుపు చెమటకు కారదు, పందెం.

పిల్లలు గ్రౌండులో ఉన్నారట. ఆట అయ్యాక ఇటు పంపండి, ఈ సంచి వాళ్లకు ఇస్తాను. రెండు చిన్న సైజులు, మిగతావి మీడియం. ఏది చెబితే అది శనివారానికల్లా అచ్చు వేసి ఇస్తాను.