క్వాంటం వ్యవస్థలు – పరిసరాల ప్రభావం

(ప్లాటినం జూబ్లీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



వీణ తీగను మీటి వదిలితే నాదం క్రమంగా సన్నగిల్లుతుంది. తీగలోని శక్తి నశించదు. కుండకూ గాలికీ చేరుతుంది. క్వాంటం వ్యవస్థ కూడా ఇట్లే ఉత్తేజిత స్థితి నుండి దిగుతూ తన శక్తిని పరిసరాలకు అప్పగిస్తుంది.

ఇంతకంటె సూక్ష్మమైన నష్టం మరొకటి ఉన్నది. మన మైదానంలో పిల్లలు ఒకే అడుగుగా కవాతు చేస్తున్నారనుకుందాం. డప్పు ఆగితే ఎవరూ అలసిపోరు. కాని కొంతసేపటికి అడుగులు కలవవు. అట్లే శక్తిని కోల్పోకుండానే క్వాంటం స్థితుల మధ్య దశల పొందిక చెదరవచ్చును. ఆ పొందికకే సంబద్ధత అని పేరు. అది పోయిన క్యూబిట్, బొమ్మో బొరుసో తెలియని మామూలు నాణెంగా మిగులుతుంది.

ఈ క్షీణతకు 1976లో సమగ్రమైన గణితరూపం లభించింది. గోరిని, కొస్సకోవ్‌స్కీలతో కలిసి జార్జి సుదర్శన్, విడిగా లిండ్‌బ్లాడ్, ఒకే సమీకరణాన్ని అందించారు. సుదర్శన్ మన నగరంలోని భారతీయ విజ్ఞాన సంస్థలో సైద్ధాంతిక అధ్యయన కేంద్రానికి సారథ్యం వహించినవారు. 2023లో ఆమోదం పొందిన జాతీయ క్వాంటం మిషన్‌లో క్వాంటం గణన కేంద్రం కూడా ఈ సంస్థకే దక్కింది.

అతివాహక క్యూబిట్లను పరమశూన్యానికి సుమారు డిగ్రీలో వందో వంతు ఎగువన ఉంచుతారు. అంతటి చలిలోనూ వాటి సంబద్ధత సాధారణంగా సెకనులో పదివేలవ వంతుకు అటూఇటూగానే నిలుస్తుంది. ఆలోపే వేలాది గణనక్రియలు ముగించాలి. పోనీ, పరిసరాల నుండి పూర్తిగా విడదీస్తే? అప్పుడు దానికి ఆదేశమివ్వలేము, ఫలితం చదవలేము. ఏ ద్వారం మూయాలో, దేనిని తెరచి ఉంచాలో తెలియడమే ఇందులోని నేర్పు.

కన్నడం, తమిళం, ఇంగ్లీషు చుట్టూ వినిపించే ఈ నగరంలో తెలుగు బడికీ అదే ప్రశ్న. తలుపులు మూసి భాషను కాపాడలేము. డప్పు ఆపితే అడుగు తప్పక చెదరుతుంది. తెలుగులో చదివితే విజ్ఞానశాస్త్రం అందదేమోనని తల్లిదండ్రులు సందేహించడం సహజం. ఇప్పుడు విన్న విషయం మీకు అర్థమైతే, ఆ సందేహానికి కొంత సమాధానం దొరికినట్లే.

పూర్వ విద్యార్థులకు నాదొక విన్నపం. విజ్ఞాన సంస్థ ఏటా ప్రజలకు తలుపులు తెరిచే రోజున మన పిల్లలను అక్కడికి తీసుకొనివెళ్ళండి. తిరిగివచ్చాక, చూసినదానిని తెలుగులో వ్రాయించండి.

సెలవు.