ముంగురులకు కత్తెర

జడ నడుము దాటవలెనని పెంచుకొనుచున్న పిల్ల ముంగురులు కత్తిరించుకొనవచ్చునా? ఈ ముచ్చట మనకు ‘సాధన కట్’ అను పేర పరిచితము. 1960లో వెలువడిన ‘లవ్ ఇన్ సిమ్లా’ చిత్రమునకై, నటి సాధన విశాలమైన నుదురు కప్పుటకు దర్శకుడు నయ్యర్ ఆడ్రీ హెప్‌బర్న్ ముంగురులను అనుకరింపజేసెను.

కత్తిరించినంతమాత్రమున వెనుక జడ పెరుగుట ఆగదు. చిక్కెల్ల మనసు మారినప్పుడే. వెంట్రుక నెలకు సుమారు 1 సెంటీమీటరు పెరుగును. కనుబొమలనంటు కురులు మరల జడలో ఇముడుటకు ఏడాదిన్నరయైనను పట్టును. ఈలోపల పెండ్లి కుదిరినచో, పూలజడ కుట్టునాడు అవి పిన్నులకు లొంగవు. సికిందరాబాదు వేసవిలో చెమటకు నుదుట అంటుకొనుట సరేసరి! కావున కత్తెర పట్టుటకు ముందు సవరపు కొసను నుదుటిపై నిలిపి, నాలుగు దినములు అద్దమున చూచుకొనుడని మేము చెప్పుదుము.