స్టే వైరు లెక్క

వెక్టర్లు అనగానే వెనక వరసలో గుసగుసలాడుతున్న ఇంటర్ పిల్లల మొహాలు వాడిపోయాయి. భయపడకండి, ఇవాళ మన పాఠం కరెంటు స్తంభం.

హైవే వెంబడి ఉత్తరం నుంచి వచ్చిన లైను తూర్పుకు మళ్లి ఊళ్లోకి దిగే చోట ఒక స్తంభం ఉందనుకుందాం. తిన్నగా పోయే లైనులో స్తంభానికి అటూ ఇటూ లాగుడు సమానం. మలుపులో అలా కాదు, తీగలన్నీ దాన్ని లోపలి వైపుకే లాగుతాయి. అందుకే బయటి వైపున స్టే వైరు కడతారు. దాని మధ్యలో కోడిగుడ్డు ఆకారంలో ఒక పింగాణీ గుండు ఉంటుంది, చూసే ఉంటారు. పైన కరెంటు తీగ తెగి స్టే మీద పడినా, కింద నిలబడిన మనిషి దాకా కరెంటు రాకుండా ఆపేది అదే.

ఇప్పుడు లెక్క. తీగలు స్తంభాన్ని తూర్పుకు 200 కిలోలు, ఉత్తరానికి 300 కిలోల బరువంత లాగుతున్నాయి. స్టే కూడా తీగల ఎత్తులోనే, నేలకు 6 మీటర్ల పైన కట్టారు. దాని కింది కొస స్తంభానికి 2 మీటర్లు పడమర, 3 మీటర్లు దక్షిణం. మరి స్టేలో బిగువు ఎంత?

తాడుతో లాగగలం గానీ నెట్టలేం. అదీ తాడు ఎటు పోతే అటే. కాబట్టి బిగువు ఎంతో తెలియకపోయినా ఎటో ముందే తెలుసు: పడమర 2, దక్షిణం 3, కిందికి 6. ఈ మూడింటి వర్గాలు కలిపితే 4, 9, 36, మొత్తం 49. వర్గమూలం 7, అంటే స్టే పొడవు 7 మీటర్లు. మూడింటినీ 7తో భాగిస్తే వచ్చేదే యూనిట్ వెక్టర్, తెలుగు మీడియం వాళ్ల యూనిట్ సదిశ. పొడవు సరిగ్గా ఒకటి ఉన్న బాణం. ఎంత అన్నది వదిలేసి, ఎటు అన్నది మాత్రమే చెబుతుంది. బిగువులో ఏడింట రెండు వంతులు పడమరకు పోతుంది, అది 200 కావాలి. అంటే బిగువు 700 కిలోలు. దక్షిణానికి ఏడింట మూడు వంతులు చూడండి, సరిగ్గా 300. లెక్క కుదిరింది.

మిగిలిన ఏడింట ఆరు వంతులు, 600 కిలోలు, స్తంభాన్ని నేలలోకి నొక్కుతుంది. స్టే కింది కొసకు బిగించి నేలలో పాతిన ప్లేటును అంతే బలంతో పైకి పీకుతుంది. సిలికా ఇసుకకు పేరుపడ్డ మండలం మన చిల్లకూరు. వానకు నానిన ఇసుకనేల ఆ ప్లేటును ఏపాటి పట్టుకుంటుందో మీకే బాగా తెలుసు.

దారికి అడ్డమని ఎవరో స్టేను సగం దూరానికి జరిపారనుకోండి. పడమర 1, దక్షిణం ఒకటిన్నర, ఎత్తు ఆ 6 మీటర్లే. పొడవు సుమారు 6.27. బిగువు 1250 కిలోలు దాటుతుంది, పీకుడు 1200 అవుతుంది. తీగల లాగుడు ఒక్క కిలో పెరగలేదు, మారింది స్టే దిక్కు మాత్రమే. నాకు ఈ పాఠంలో అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఇదే.

2020 సెప్టెంబరులో తెరిచిన హైదరాబాద్ దుర్గం చెరువు తీగల వంతెనకు ఇలాంటి స్టే తీగలు 56. అక్కడ లెక్కలు వేసేది కంప్యూటరు. ప్రతి తీగకూ అదీ ముందు చూసేది రెండు కొసలు ఎక్కడున్నాయనే.

ఇంటి గేటుకో ట్రాక్టరు దారికో స్టే అడ్డొస్తే మీరు గడ్డపార పట్టుకోవద్దు. లైన్‌మన్‌కు చెప్పండి, లేదా 1912కు ఫోన్ చెయ్యండి. గేదెను కట్టెయ్యడానికి మాత్రం దయచేసి వేరే గుంజ చూసుకోండి.