చర్మం మీద గడ్డలు: ఏవి మంచివి, ఏవి చెడ్డవి?

(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



వైద్యులం గనుక ఆరోగ్యం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. చర్మం మీద లేచే గడ్డలు, మచ్చలలో ఏది అపాయం లేనిది, ఏది కేన్సరు కావచ్చు అన్న విషయం చెబుతాం.

ఒక హమాలీ సోదరుడు మా దగ్గరకు వచ్చాడు. అరికాలిలో నల్లటి మచ్చ. మొదట ముల్లు గుచ్చుకుందనుకున్నాడు. తర్వాత ఆనె అనుకుని బ్లేడుతో కోసుకున్నాడు. అలా ఏడాది గడిచింది. "నొప్పి లేదు గదా డాక్టర్ సాబ్, అందుకే ఊరుకున్నా" అన్నాడు. అప్పటికే గజ్జల్లో బిళ్ళ కట్టింది. అది మెలనోమా అనే కేన్సరు. మచ్చగా ఉన్నప్పుడే వచ్చి ఉంటే చిన్న ఆపరేషనుతో పోయే అవకాశం ఉండేది. నొప్పి లేదు గదా అన్న ధీమాయే మన శత్రువు. కేన్సరు మొదట్లో చాలామందికి నొప్పి పెట్టదు.

అలాగని ప్రతి గడ్డకూ భయపడనక్కరలేదు. ఎక్కువ గడ్డలు అపాయం లేనివే. కొవ్వుగడ్డ మెత్తగా ఉంటుంది, వేలితో నొక్కితే చర్మం క్రింద జారుతుంది, ఏళ్ళ తరబడి నెమ్మదిగా పెరుగుతుంది. తల మీద, వీపు మీద వచ్చే సంచిలాంటి గడ్డకు నడుమ చిన్న నల్లచుక్క కనిపిస్తుంది. దాన్ని పిసకకండి, చీము పడుతుంది. పులిపిర్లు వైరస్ వల్ల వచ్చేవి. చిన్ననాటి పుట్టుమచ్చ ఒకే రంగుగా, అంచు తీరుగా ఉండి, మారకుండా ఉంటే దిగులు లేదు.

మరి ఎప్పుడు అనుమానించాలి? మచ్చలో ఒక సగం రెండో సగంలా లేకపోతే. అంచులు వంకరటింకరగా ఉంటే. రెండు మూడు రంగులు కనిపిస్తే. 6 మిల్లీమీటర్లు, అంటే పెన్సిలు వెనుక రబ్బరు కంటే పెద్దదైతే. అన్నిటికంటే ముఖ్యంగా, కొద్ది నెలల్లో మారుతూ పెరుగుతూ ఉంటే. ముక్కు ప్రక్కన, కంటి క్రింద మెరిసే చిన్న బొడిపె లేచి, చెక్కు కట్టి, రాలి, మళ్ళీ రక్తం కారుతుంటే అదీ అనుమానించవలసిందే. మన రంగువాళ్ళలో ఇది నల్లగా ఉండి, పుట్టుమచ్చలా మోసం చేస్తుంది.

చర్మంలోని నలుపు మనల్ని ఎండ నుంచి చాలావరకు కాపాడుతుంది. అందుకే ఎండ వల్ల వచ్చే చర్మ కేన్సర్లు మనలో తక్కువ. కాని అరికాలు, అరచేయి, గోటి క్రింద వచ్చే మెలనోమాకు ఈ రక్షణ లేదు. గోటిలో కొత్తగా నల్లచార వచ్చి వెడల్పవుతుంటే చూపించాలి. పాత కాలిన మచ్చల మీద మానని పుండు లేచినా అంతే. ఇలాంటి పుండ్లను 1828లోనే ఫ్రెంచి వైద్యుడు మార్జోలిన్ వర్ణించాడు. కాశ్మీరులో చలికి ఒంటికి ఆనించుకునే నిప్పుల కుంపటి కాంగడీ వల్ల పొట్ట మీద, తొడల మీద కేన్సరు వస్తుంది. మన దేశంలో చీర, ధోవతి ఏళ్ళ తరబడి బిగించి కట్టిన చోట నడుము దగ్గర కూడా కేన్సరు చూశారు.

అనుమానం వస్తే సున్నం పెట్టడం, వెంట్రుకతో బిగించడం, పసర్లు పూయడం వద్దు. "కత్తి తగిలితే పాకుతుంది" అన్నది వట్టి అపోహ. ముక్క తీసి పరీక్ష చేస్తేనే నిజం తేలుతుంది. హైదరాబాదులో మెహదీ నవాజ్ జంగ్ ప్రభుత్వ కేన్సరు ఆసుపత్రి ఉండనే ఉంది. ఆడపడుచులు సిగ్గుపడి దాచుకోవద్దు. లేడీ డాక్టరుకే చూపించండి.

రోజుకు ఐదుసార్లు వుజూ చేసుకుంటూ కాళ్ళు కడుగుతాం. చెయ్యి తగులుతుంది గాని, చూపు పడదు. నెలకొకసారైనా అరికాళ్ళు తిప్పి చూసుకుందాం. ఇంట్లో పెద్దవాళ్ళకు వంగడం కష్టం. వాళ్ళ కాళ్ళు పిల్లలు చూడాలి. ఇంతే మా మనవి. సెలవు.