నర్సు మాట, నర్సు మనసు

గుడుపల్లె ఆంధ్రప్రదేశ్, తమిళనాడు, కర్ణాటక కలిసే చోటికి దగ్గరి ఊరు. పక్కనే కుప్పంలో పీఈఎస్ వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. ఇలాంటి చోట నర్సుకు తెలుగుతోపాటు తమిళం, కన్నడం కూడా నాలుగు మాటలు వస్తే రోగికి సగం బెరుకు తీరుతుంది.

దిగులుపడే రోగితో "ఏం కాదులే" అంటే మాట అక్కడే ఆగిపోతుంది. "దేని గురించి భయంగా ఉంది?" అని అడిగి, ఓపికగా వింటే అసలు సంగతి తెలుస్తుంది. అది ఆపరేషన్ భయం కావచ్చు, ఇంటి దగ్గర పాడి ఆవును ఎవరు చూస్తారన్న బెంగ కావచ్చు. రోగితో నర్సుకు ఏర్పడే సంబంధం చికిత్సలో భాగమేనని అమెరికా నర్సు హిల్డెగార్డ్ పెప్లావ్ 1952లోనే పుస్తకం రాశారు.

మరి నర్సు మనసు సంగతి? రాత్రి డ్యూటీలు, కళ్లముందే మరణాలు, బంధువుల కోపం అన్నీ లోపల పేరుకుంటాయి. డ్యూటీ దిగేముందు తోటివాళ్లతో పది నిమిషాలు మాట్లాడండి. డ్యూటీ దిగాక నిద్రను వాయిదా వేయకండి. రెండు వారాలుగా నిద్ర పట్టకపోయినా, దేనిమీదా మనసు నిలవకపోయినా 14416కు ఫోన్ చేయండి. అది 2022లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీమానస్. రాత్రీపగలూ ఉచితంగా, తెలుగులోనే మాట్లాడవచ్చు. రోగిని అడిగినట్టే తోటి నర్సునూ "ఎలా ఉన్నావు?" అని అడగండి.